ఫార్మాట్ కొట్టే ముందు ఆ ఎర్రర్ కోడ్ ఒక్కసారి చదవండి అన్నా

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో కంప్యూటర్లు బాగుచేసే అన్నలకు, తమ్ములకు,

నమస్తే. నేను హన్మకొండలో ఒక చిన్న డీటీపీ సెంటర్ నడుపుతాను. శుభలేఖలు, దశదిన కర్మ కార్డులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఎన్నికలొస్తే కరపత్రాలు, జాతరొస్తే మేడారం పోయే బండ్లవాళ్ల పాంప్లెట్లు, ఇదే నా పని. సిస్టమ్ ఆగితే నా షాపు షట్టర్ దించుకోవాల్సిందే, అందుకే మీతో నాకు చాలా ఏళ్ల పరిచయం. మీరు రాత్రి తొమ్మిదింటికి కూడా వచ్చి ప్రింటర్ లేపి పోయిన రోజులున్నాయి, అది మర్చిపోయి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ ఫార్మాట్ గురించి, అంటే డ్రైవ్ మొత్తం చెరిపి విండోస్ కొత్తగా వేయడం గురించి, ఒక మాట రెండేళ్లుగా గొంతులో ఉండిపోయింది, ఇవాళ చెప్పేస్తున్నా. ఏ షాపు, ఎవరు అని పేరు మాత్రం అడగకండి, చెప్పను. ఎందుకంటే ఆ తమ్ముడు చేసింది మీలో చాలామంది రోజూ చేసేదే.

2024 జనవరి. సంక్రాంతి అయిపోయి మాఘ మాసం ముహూర్తాల కార్డులు మొదలయ్యే టైమ్. నా విండోస్ 10 సిస్టమ్‌లో ఒక అప్‌డేట్ ఎక్కడం లేదు. డౌన్‌లోడ్ అవుతుంది, ఇన్‌స్టాల్ అంటూ కాసేపు తిరుగుతుంది, తర్వాత ఫెయిల్ అని చెప్పి పక్కన మళ్లీ ప్రయత్నించు అనే బటన్ పెడుతుంది. నొక్కుతా, మళ్లీ అదే. రీస్టార్ట్ చేశా, రాత్రంతా ఆన్‌లో పెట్టి ఇంటికి పోయా, పొద్దున వచ్చి చూస్తే అదే బటన్ నా మొహం చూస్తోంది. కింద ఒక ఎర్రర్ కోడ్ నంబర్, 80070643. అప్‌డేట్ పేరు కేబీ5034441. మిగతా అంతా బ్రహ్మాండంగా నడుస్తోంది, ప్రింట్లు వస్తున్నాయి, కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్ తెరుచుకుంటోంది, ఏ నొప్పీ లేదు. అయినా నాకు టెన్షన్, ఎందుకంటే మా షాపుకు రోజుకు ఇరవై ముప్పై పెన్‌డ్రైవ్‌లు వస్తాయి, షార్ట్‌కట్ వైరస్ లేని పెన్‌డ్రైవ్ వచ్చిందంటే ఆ రోజు పండగ. అప్‌డేట్‌లు ఆగితే ఏదో ఒకటి తగులుకుంటుందని సీపీయూ ఎత్తుకుని ఆటోలో వేసుకుని షాపుకు తీసుకెళ్లా.

సాయంత్రం ఫోన్ వచ్చింది.

"అక్కా, సీ డ్రైవ్‌ల ఏమన్న ఉన్నయా?"

"సీలో ఏం లేవు తమ్మీ, అన్నీ డెస్క్‌టాప్ మీదనే ఉన్నయి."

"సరే అక్కా."

ఇది చదివి మీలో కొందరు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. అవును, డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే అని నాకు అప్పటికి తెలియదు. కళ్ల ముందు కనబడేది కంప్యూటర్ మీద ఉంది అనుకున్నా, డ్రైవ్ లోపల ఉంది అనుకోలేదు. నాది తప్పే. కానీ అన్నా, నాకు తెలియదు, ఆ తమ్ముడికి తెలుసు కదా! "ఏం లేవు" అన్న ముక్క వినబడింది, "డెస్క్‌టాప్ మీదనే" అన్న ముక్క వినబడలేదు, లేదా వినబడినా ముందు పది సీపీయూలు వరుసలో ఉన్నాయి కాబట్టి పట్టించుకోలేదు.

మర్నాడు వెళితే చిరునవ్వుతో, "చూడక్కా, కడిగిన ముత్యం లెక్క చేసిన" అన్నాడు. నిజంగా కడిగేశాడు, ఫార్మాట్ కొట్టి. నీలి రంగు తెర, మూలన ఒక్క చెత్తబుట్ట బొమ్మ. "పెళ్లిళ్లు 2017" దగ్గర మొదలుపెట్టి ఏడేళ్ల ఫోల్డర్లు ఉండేవి అక్కడ. పాత కార్డు తెచ్చి "అక్కా, మా అన్న పెండ్లికి చేసిన డిజైనే తమ్మునికి కావాలె, పేర్లు మార్చియ్యి" అనే వాళ్లే నా గిరాకీలో సగం. అవన్నీ పోయాయి. ఎలాగైనా తవ్వి తీయమంటే, అది ఎస్ఎస్‌డీ, కొత్త రకం డిస్కు అక్కా, పాత హార్డ్‌డిస్క్ అయితే ఏమన్నా దొరికేది, దీంట్లో చెరిపిన చోటును అదే ఖాళీ చేసేసుకుంటుంది అన్నాడు. అది నిజమే, తర్వాత తెలుసుకున్నా. అంత తెలిసినవాడు చెరిపే ముందు ఆ మాట ఎందుకు చెప్పలేదన్నదే నా బాధ.

డిజైన్లు ఒకటే కాదు. నాది 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, దాని మీద అను ఫాంట్లు. ఇప్పటికీ అదేనా అని నవ్వకండి, ఊళ్లో శుభలేఖలు కొట్టే వాళ్లను అడగండి, ఎంతమంది ఇంకా దాని మీదే బతుకుతున్నారో తెలుస్తుంది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఫోన్లలో కనబడే మామూలు తెలుగు కాదు, సిస్టమ్‌లో అవి లేకపోతే తెలుగు తెలుగుగా కనబడదు. ఓ కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో అదృష్టం కొద్దీ ఒక పాత కార్డు ఫైల్ దొరికింది, తెరిచాను. చి.ల.సౌ. అని ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తు. ముహూర్తం ఉండాల్సిన లైన్‌లో అంకెలు మాత్రం సరిగ్గా ఉన్నాయి, వాటి చుట్టూ అంతా గజిబిజి. పరకాల నుంచి వచ్చిన పెళ్లికొడుకు నాన్న నా వెనకే నిలబడి అది చూశాడు. "ఇదేంది బిడ్డా, మావోని పేరు ఇట్లొచ్చింది?" అన్నాడు. ఫాంట్లు మళ్లీ సంపాదించి, కీబోర్డ్ సెట్టింగ్ చేసుకుని, ప్రింటర్ డ్రైవర్ వేయించి, ఆయన కార్డులు మళ్లీ మొదటి నుంచి కొట్టేసరికి మూడు రోజులు పోయాయి.

సరే, పోయినవి పోయాయి, అప్‌డేట్ అన్నా ఎక్కిందా? వారం తిరక్కుండానే అదే కేబీ5034441, అదే 80070643.

అప్పుడు నవ్వొచ్చింది నాకు, ఏడుపు తర్వాత వచ్చే నవ్వు.

దాని సంగతి తేల్చింది ప్రాజెక్టు రిపోర్టు స్పైరల్ బైండింగ్‌కు వచ్చిన ఒక ఇంజనీరింగ్ పిల్లగాడు. వాడు కూర్చోగానే చేసిన మొదటి పని, "అక్కా, ముందు మీ ఫైళ్లు వేరే దాంట్ల వేద్దాం" అని నా పెన్‌డ్రైవ్ అడగడం. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. విండోస్ పాడైతే మళ్లీ లేపడానికి డిస్కులో ఒక చిన్న గది పక్కకు తీసిపెట్టి ఉంటుంది, రికవరీ పార్టిషన్ అంటారు. ఈ అప్‌డేట్ ఆ గదిలోని సామాను మార్చాలి, దానికి అక్కడ 250 ఎంబీ ఖాళీ కావాలి. నా దాంట్లో అంత లేదు. నా సీ డ్రైవ్‌లో అరవై జీబీ ఖాళీ ఉన్నా లాభం లేదు, చోటు చాలనిది ఈ గదిలో. అసలు చూపించాల్సింది చోటు సరిపోలేదు అనే ఎర్రర్, దాని బదులు 80070643 కనబడొచ్చని తయారుచేసిన కంపెనీ వాళ్లే ఒప్పుకున్నారు కూడా. మామూలుగా ఆ నంబర్‌కు ఇన్‌స్టాలర్ ఎక్కడో తప్పింది అన్న అర్థం తప్ప ఇంకేం లేదు, డాట్‌నెట్ అనే విండోస్ భాగం అప్‌డేట్ దగ్గర ఆగినా అదే వస్తుంది. అంటే నంబర్ ఒక్కటే చూస్తే సరిపోదు, దాని పక్కన కేబీ నంబర్ కూడా చూడాలి. రెండూ కలిపి వెతికితే రెండు నిమిషాల్లో విషయం బయటపడేది.

ఇంకో మాట చెప్పాడు, అది వినగానే కడుపు మండింది. ఆ అప్‌డేట్ వచ్చింది డిస్కుకు వేసే బిట్‌లాకర్ తాళాన్ని రికవరీ దారిలో తప్పించుకునే లోపాన్ని పూడ్చడానికట. నా సిస్టమ్‌కు బిట్‌లాకరే పెట్టలేదు. లేని తాళం రిపేరు కోసం ఏడేళ్ల పని తుడిచి పెట్టించుకున్నా నేను. ఆ ఒక్క అప్‌డేట్‌ను అలా వదిలేసినా నాకు పెద్దగా పోయేదేం లేదు.

వాడు నల్ల తెర మీద ఏవో కమాండ్లు కొట్టాడు, రికవరీని ఆఫ్ చేసి, సీ డ్రైవ్‌ను 250 ఎంబీ కుదించి, పాత చిన్న గది తీసేసి పెద్దది కట్టి, మళ్లీ ఆన్ చేశాడు. అరగంట. మీకు ఇది తెలియని విద్య కాదు, డిస్కును ముక్కలు చేసే డిస్క్‌పార్ట్ కమాండ్ మీకు కొట్టిన పిండి. ఒక్క అంకె తప్పు పడితే డ్రైవే పోతుందని వాడే చెప్పాడు, అందుకే ముందు బ్యాకప్ అన్నాడు. నేనిచ్చిన డబ్బులు తీసుకోలేదు, బైండింగ్ ఫ్రీగా చేసిచ్చా.

ఇప్పుడు అసలు మాటకు వస్తా. మీరు ఎందుకు ఫార్మాట్ కొడతారో నాకు తెలుసు, నేనూ షాపు నడిపేదాన్నే. ఫార్మాట్ అంటే కస్టమర్‌కు ఏదో పెద్ద పని జరిగినట్టు అనిపిస్తుంది, అయిదు వందలు అడిగినా ఇస్తాడు. అదే మీరు గంటసేపు కూర్చుని కోడ్ చూసి, లాగ్ తీసి, ఒక ఫోల్డర్ పేరు మార్చి బాగుచేసి మూడొందలు అడిగారనుకోండి, "ఏం చేసినవ్ అన్నా, రెండు బటన్లు నొక్కితివి, దానికి మూడొందలా?" అంటాం. మేమే అంటాం. ఆ మాట నా నోటి నుంచి కూడా వచ్చి ఉంటుంది ఎప్పుడో. శుభలేఖలో నేను అక్షరాలు సర్దిన రెండు గంటలకు ఎవరూ డబ్బులివ్వరు, కాగితానికీ ప్రింటుకూ ఇస్తారు, కాబట్టి మీ నొప్పి నాకు కొత్త కాదు. అందుకే అడుగుతున్నా, చూసినందుకే డబ్బులు తీసుకోండి. సీపీయూ బల్ల మీద పెట్టగానే, చూడడానికి రెండొందలు, బాగైనా కాకపోయినా అని చెప్పండి, గోడకు రాసిపెట్టండి. మొదటి నెల గొణుగుతాం, తర్వాత అలవాటు పడతాం. డాక్టర్ దగ్గర ఓపీ చీటీకి డబ్బులు కట్టడం లేదా ఏంది?

అలా చేస్తే మీకు ఆలోచించే టైమ్ దొరుకుతుంది. ఎందుకంటే అప్‌డేట్ ఎక్కకపోవడం అనేది ఒక జబ్బు కాదు, పది జబ్బులకు అదొక్కటే జ్వరం.

కాజీపేటలో రైల్వేలో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన నాకు తెలుసు, పెన్షన్ కాగితాల ప్రింట్లకు వస్తాడు. ఆయన సిస్టమ్‌కు మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనాలి అని చెప్పారట. అప్‌డేట్ వెతకడం మొదలుపెట్టగానే 80072ఎఫ్8ఎఫ్ అని ఆగిపోతోంది. ఆయన చెప్తూ చెప్తూ మధ్యలో "అదీగాక ఈ మధ్య తేదీ కూడా ఎనకటికి పోతున్నదమ్మా, రోజూ సరిజేస్తున్న" అన్నాడు. అంతే, దొరికింది. ఆ కోడ్ ఎక్కువగా తేదీ తేడాకే వస్తుంది. తేదీ తప్పుంటే సర్వర్ చూపించే సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదనో, గడువు దాటిందనో అనుకుని సిస్టమ్ దాన్ని నమ్మదు, అప్‌డేట్ తీసుకోదు. పొద్దున ఆన్ చేయగానే అది అప్‌డేట్‌కు వెళ్తుంది, ఈయన టీ తాగొచ్చి తేదీ సరిచేసేసరికి అది ఫెయిల్ అయి కూర్చుంటుంది. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఉంటుంది చూడండి, సీఆర్2032, మూడు వోల్టులది, అది అయిపోయింది. తీసి చూస్తే అంచున తెల్లగా బూజులా పట్టింది. కొత్తది వేశాం, ముప్పై నలభై రూపాయలు. దీనికి వంద ఫార్మాట్లు కొట్టినా లాభం లేదు కదా, సెల్లు ఫార్మాట్‌తో నిండదు.

ఇంకొకటి మనూళ్లో మరీ ఎక్కువ. స్లో అయిందని పాత సిస్టమ్‌కు 120 జీబీ ఎస్ఎస్‌డీ వేసిస్తారు, మంచిదే, కానీ ఏడాదిలో అది వాట్సాప్ వీడియోలతో నిండిపోతుంది. అప్పుడు వచ్చే కోడ్ 80070070, అది చోటు లేదు అని నిజాయితీగా చెప్పే కోడ్. 8007తో మొదలయ్యే వాటిలో చివరి అంకెల్లోనే చాలాసార్లు జవాబు ఉంటుంది, 0005 అయితే అనుమతి లేదు, 0002 అయితే ఫైల్ దొరకలేదు. పెద్ద వెర్షన్ మారేటప్పుడైతే 20 జీబీ దాకా ఖాళీ కావాలి. టెంప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు ఊడ్చేస్తే, నాలుగు పెళ్లి వీడియోలు బయటి డిస్కులోకి పంపిస్తే పనైపోయే కేసు ఇది.

సగం దిగిన ఫైల్ ఇరుక్కుపోతే అప్‌డేట్ సర్వీసులు ఆపి సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చి మళ్లీ మొదలుపెడితే అదే కొత్తది తయారుచేసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయి లోపలి ఫైళ్లు చెడితే ముందు డిస్మ్ రీస్టోర్‌హెల్త్, తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే కమాండ్లు కొట్టాలి. ఇవి మీకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. కానీ ఒకటి మాత్రం చెప్పి తీరాలి. ఇవేవీ పనిచేయక కొత్త ఓఎస్, అంటే విండోస్, వేయాల్సిందే అనిపించినప్పుడు కూడా, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయకుండా నడుస్తున్న విండోస్‌లోనే సెటప్ తెరిచి, ఫైళ్లూ సాఫ్ట్‌వేర్లూ ఉంచు అనే దాన్ని ఎంచుకుంటే, ఓఎస్ మొత్తం కొత్తది అవుతుంది, నా పెళ్లిళ్లు నా దగ్గరే ఉంటాయి, అను ఫాంట్లు కూడా ఉంటాయి. గంటో గంటన్నరో పడుతుంది, మీరు పక్క సిస్టమ్ చూసుకోవచ్చు. అది సిస్టమ్ అసలు బూటే కాకపోతే కుదరదు, ఒప్పుకుంటా. నాది శుభ్రంగా బూటైంది కదా అన్నా.

ఇంకో అలవాటు ఉంది, అది ఫార్మాట్ కన్నా ప్రమాదం. "అప్‌డేట్ రాకుండ బంద్ చేసినక్కా, ఇంక నీకు టెన్షన్ లేదు" అంటారు. జ్వరం చూపిస్తోందని థర్మామీటర్ పగలగొట్టినట్టు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వచ్చినప్పుడు దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే వచ్చేసింది, వేసుకోని సిస్టమ్‌లే ఎక్కువగా పడ్డాయి. మీ పెన్‌డ్రైవ్‌లో ఉండే ఆ కోసి తేలిక చేసిన విండోస్‌లు కూడా అంతే, వేగంగా ఉంటాయి, నిజమే, కానీ అప్‌డేట్‌కు కావాల్సిన ముక్కలే అందులో తీసేసి ఉంటే ఆ తర్వాత ఎన్ని కమాండ్లు కొట్టినా ఏది ఎక్కుతుంది? అలాంటిది వేస్తే వేశామని చెప్పండి, మాకు తెలియాలి.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది. ఆ రోజు నుంచి మీ షాపుల్లో వినబడే మాట ఒకటే, "దీనికి 11 ఎక్కదు, కొత్తది తీసుకోండి." కొన్నిటికి నిజంగానే ఎక్కదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం కన్నా పాతవి దాదాపు అన్నీ అంతే. కానీ కొన్నిటికి ఎక్కనిది టీపీఎం అనే భద్రతా భాగం ఆఫ్‌లో ఉండడం వల్ల. బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందే తెరిచే సెట్టింగుల్లోకి పోయి ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం ఆన్ చేస్తే సరిపోయేదానికి నలభై వేలు పెట్టించకండి. నిజంగా ఎక్కని వాళ్లకు కూడా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్‌లు వస్తాయి, ఆ సంగతి చెప్పండి. పిల్లల ఫీజుల నెలలో ఆ గడువు ఎంత పెద్ద సాయమో మీకూ తెలుసు.

నేను అడిగేది ఇంతే. సీపీయూ తీసుకున్నప్పుడు కోడ్, కేబీ నంబర్ చీటీ మీద రాసుకోండి. సీలో ఏమన్నా ఉన్నాయా అని అడగకండి, ఆ ప్రశ్నకు మాలో సగం మందికి జవాబు తెలియదు. డెస్క్‌టాప్ మీద ఏమున్నాయి, డౌన్‌లోడ్స్‌లో ఏమున్నాయి, తెలుగు ఫాంట్లు ఏం వాడతారు, డిజిటల్ సంతకం ఉందా, బిల్లుల సాఫ్ట్‌వేర్ ఉందా అని అడగండి. ఇచ్చేటప్పుడు ఏం చేశారో బిల్లు మీద రెండు ముక్కలు రాయండి, రేపు ఇంకొకరి దగ్గరికి పోయినా వాళ్లకు పనికొస్తుంది.

ఈ నెల అప్‌డేట్ నాకు మళ్లీ ఎక్కలేదు. కోడ్ 80073712, స్కెచ్ పెన్నుతో రాసి మానిటర్‌కు అంటించా. పైన చెప్పిన రెండు కమాండ్లూ కొట్టి చూశా, మారలేదు. నడుస్తున్న విండోస్‌లోనే సెటప్ వేయడం నాకు కొంచెం భయం, కార్డుల పని మధ్యలో ఉంది. డెస్క్‌టాప్ మొత్తం, ఫాంట్ల ఫోల్డర్‌తో సహా బయటి డిస్కులోకి తీసిపెట్టా. బుధవారం మధ్యాహ్నం సీపీయూ తీసుకుని వస్తా, మీలో ఎవరు చూస్తానంటే వాళ్ల దగ్గరికే. చూడడానికి ఎంతో ముందే చెప్పండి, అక్కడే ఇచ్చేస్తా.

ఇట్లు,
హన్మకొండలో డీటీపీ చేసుకునే మీ చెల్లె